‘స్వాభావికము’ అను మాటను గూర్చి

మన సంఘములలో ఈ మాటవలె అరిగిపోయిన మాట మరియొకటి లేదు. త్రాగి వచ్చి భార్యను కొట్టినవాడు “ఏమి చేయుదును అయ్యగారూ, నా స్వభావమే అంత” అనును. పెద్దలును “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అని లేచిపోవుదురు. ఆ యిల్లాలు ఆ రాత్రి ఎక్కడ పండుకొనవలెనో అడుగువారు లేరు.

ఎవరును నేర్పకుండ ప్రాణి చేయు పనికే ఈ పేరు చెల్లును. పాఠ్యపుస్తకములలో దీనిని సహజాతమందురు, అనగా కూడ పుట్టినది. సముద్రపు తాబేలును చూడుడి. తల్లి విశాఖపట్నపు తీరమున ఇసుకలో గ్రుడ్లు పెట్టి వెళ్లిపోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు రాత్రివేళ పైకి వచ్చి, దారి చూపువారు లేకయే, వెలుగుగా కనబడు దిక్కునకు ప్రాకును. చీకటి తీరమున ఆ వెలుగు సముద్రముమీదనే యుండును. ఇది స్వాభావికము. కల్లుపాకకు దారి ఎవనికిని ఇట్లు పుట్టుకతో తెలియదు, స్నేహితుడెవడో చూపియుండును. దాని పేరు అలవాటు.

కోపము పుట్టుకతో వచ్చినదే గదా అందురు. ఒప్పుకొందును. గాని తాబేలు సంగతి పూర్తిగా వినుడి. తీరపు రోడ్డుమీద దీపములు వెలుగుచుండినయెడల, ఆ సహజాతమే పిల్లలను రోడ్డువైపునకు త్రిప్పును. అవి అచ్చట చచ్చును. అందుచేతనే గ్రుడ్లు పగులు దినములలో తీరపు దీపములు ఆర్పుడని వాటిని కాపాడువారు కోరుచుందురు. దీపము ఆర్పవచ్చును గదా! త్రాగినవాని చేతిని పట్టుకొనుట అంతకంటె కష్టమా?

మన తెలుగు బైబిలులో ‘స్వాభావికముగా’ అను మాట రోమా 2:14లో ఉన్నది, యూదా 10లోను ఉన్నది. మొదటిచోట ధర్మశాస్త్రము లేని అన్యజనుల మంచి క్రియలను గూర్చి, రెండవచోట మృగములవలె చెడిపోవువారిని గూర్చి. గ్రీకు మూలములో రెండును ‘ఫూసిస్’ అను మాటకు చెందినవే గనుక, అనువాదకులు తెలుగులోను ఒకే మాట ఉంచుట మేలైన పని. ఎఫెసీ 2:3లో మాత్రము ‘స్వభావసిద్ధముగా’ అని మార్చిరి. మూలమున రోమా పత్రికలోని మాటయే యున్నది. మార్చకున్న బాగుండెడిది, చదువరికి మూడు వచనములు ఒక్కచోట తగిలెడివి.

పౌలు ఆ మాటను ఎవనికిని సాకుగా ఇయ్యలేదు. రోమా పత్రికలో ఆ తరువాతి వచనమే మనస్సాక్షిని పిలుచును. మృగములను గూర్చి చెప్పినప్పుడు యూదా అట్టి సాక్షిని పిలువలేదు.