మొండిరాతికి మొన తీసినవాళ్లు

తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు పొరలు పొరలుగా నిలిచిన రాతిగోడలు కనబడతాయి. అడుగున గ్రానైటు, దాని నెత్తిన క్వార్ట్‌జైటు. రెంటి వయసుకూ మధ్య సుమారు 50 కోట్ల ఏళ్ల తేడా ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టి, ఆ అతుకు దగ్గర బోర్డు కూడా పెట్టారు. పైనున్న దాన్ని నగరి క్వార్ట్‌జైటు అంటారు. కొండ మీది శిలాతోరణం ఆ రాయే. లక్షల ఏళ్లపాటు ఈ ప్రాంతపు మనిషికి గొడ్డలీ, కత్తీ, ఈటెమొనా కూడా ఆ రాయే.

ఇది చెప్పినమాట వినే రాయి కాదు. యూరప్ సుద్దకొండల్లో దొరికే చెకుముకి రాయి గాజులా పగులుతుంది. టర్కీలో, మెక్సికోలో అగ్నిపర్వతాలు కక్కిన అబ్సిడియన్ అనే నల్లరాయి అచ్చంగా గాజే. అక్కడి పనిముట్ల నాజూకును కొలబద్దగా పెట్టుకుని మనవాటిని మోటుసరుకు అనడం చాలాకాలం నడిచింది. ఆ కొలత తప్పు. పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే ముందు అతనికి దొరికిన రాయి ఎలాంటిదో చూడాలి.

ఇసుకరాతిని కొడితే పగులు ఇసుకరేణువుల పక్కనుంచి తప్పించుకుంటూ పోతుంది, అంచు పొడిపొడిగా రాలిపోతుంది. అదే ఇసుకరాయి సిలికాతో బిగుసుకుని క్వార్ట్‌జైటుగా మారాక పగులు రేణువులను కోసుకుంటూ పోతుంది. అందుకే దానికి పదునైన అంచు వస్తుంది. గ్రానైటుకు ఆ యోగం లేదు. అందులో రకరకాల స్ఫటికాలు కలిసి ఉంటాయి, పగులు ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం. చిత్తూరు జిల్లా పడమటి భాగమంతా గ్రానైటు గుట్టలే అయినా, పెచ్చులు తీసే పనికి ఆనాటివాళ్లు వాటి జోలికి పోలేదు.

ఇక క్వార్ట్‌జైటుతో పని. ఏరుకోవడంతోనే సగం పని తేలిపోతుంది. కొండమీది బండకన్నా వాగులో దొర్లివచ్చిన గుండురాయి మేలు. బీటలున్నవి దారిలోనే పగిలిపోతాయి, మిగిలింది గట్టిది. అయినా నమ్మకుండా మరో రాతితో తట్టి చూడాలి. ఖంగుమంటే లోపల బాగున్నట్టు, బొదబొదమంటే పగులున్నట్టు. ఇప్పటికీ బండలు కొట్టే వడ్డెరలు సుత్తితో తట్టి, చెవితోనే రాయి సంగతి చెబుతారు. తరవాత చూడాల్సింది రేణువు. ఎంత సన్నగా ఉంటే పగులు అంత సాఫీగా నడుస్తుంది.

గుండురాతితో ఒక చిక్కుంది. అన్ని వైపులా గుండ్రమే, దెబ్బ వేయడానికి మూల దొరకదు. దెబ్బపడే చదునుకూ, పెచ్చు ఊడాల్సిన పక్కకూ మధ్య కోణం 90 డిగ్రీలలోపు ఉండాలి. లేకపోతే ఎంత బలంగా కొట్టినా చేతికి నొప్పే మిగులుతుంది. కాబట్టి ముందు రాతిని రెండుగా చీల్చడమో, ఒక కొస ఎగరగొట్టడమో చేస్తారు. ఆ తాజా ముఖం మీద, అంచుకు కాస్త లోపలగా, సుత్తిరాతితో దెబ్బ. పెచ్చు ఊడితే దాని కడుపువైపు దెబ్బతిన్నచోట చిన్న ఉబ్బు, అక్కడినుంచి నీళ్లలో రాయి పడ్డప్పటి అలల్లాంటి గీతలు ఉంటాయి. మనిషి కొట్టిన రాయికీ, వాగులో తనంతట పగిలిన రాయికీ తేడా చెప్పే గుర్తుల్లో ఇవి ముఖ్యమైనవి. క్వార్ట్‌జైటు మీద ఆ గీతలు మసకగా ఉంటాయి, అలవాటుపడ్డ కన్ను కావాలి.

దెబ్బ చాలకపోతే పగులు మధ్యలో ఆగి రాతి మీద మెట్టు మిగులుతుంది. ఆ మెట్టు తరవాతి పెచ్చులను కూడా అడ్డుకుంటుంది. చెకుముకితో పోలిస్తే ఇక్కడ బరువైన సుత్తి, గట్టి దెబ్బ కావాలి. బలం పెరిగితే గురి తప్పుతుంది. పనితనమంతా ఈ రెంటి మధ్యే.

మన నగరి పట్టణానికి ఆగ్నేయాన, ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలో ఈ పనితనం వయసు తేలింది. 1863 మే 30న పల్లావరంలో చేగొడ్డలి దొరికిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, అదే ఏడు సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం చేరాడు. ఇద్దరూ జియలాజికల్ సర్వే ఉద్యోగులు. దాదాపు శతాబ్దిన్నర తరవాత పురావస్తు పరిశోధకురాలు శాంతి పప్పు బృందం అక్కడ తవ్వి, చేగొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్లనాటివని 2011లో ప్రకటించింది. అవి క్వార్ట్‌జైటువే. వాటి పక్కన దొరికే క్లీవర్ అనే పనిముట్టు నాకు మరీ ఇష్టం. పెద్ద పెచ్చు ఊడినప్పుడు సహజంగా వచ్చిన పదునైన అంచును ముట్టుకోకుండా వదిలేసి, చేతపట్టే పక్కల్నే చెక్కుతారు. మొండిరాతి మీద మళ్లీ పదును తీయడం కష్టమని తెలిసినవాడే అలా ఆలోచించగలడు.

అక్కడే, సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ల కిందట పద్ధతి మారిందని 2018లో అదే బృందం చూపింది. పెద్ద గొడ్డళ్లు తగ్గి, రాతిని ముందే చుట్టూ చెక్కి సిద్ధం చేసుకుని, కోరిన ఆకారపు పెచ్చును ఒకే దెబ్బతో ఊడదీయడం మొదలైంది. మొనదేలిన పెచ్చులు ఇలా వచ్చినవే. వస్తువు రాతిలో ఉండగానే దాని రూపం తయారవుతుందన్నమాట.

తిరుపతివాళ్లు గర్వపడాల్సిన అధ్యాయం రేణిగుంటది. 1960లలో పురావస్తు పరిశోధకులు ఎం.ఎల్.కె. మూర్తి స్వర్ణముఖిలో కలిసే రాళ్లకాలవ పరిసరాల్లో తిరిగి, బ్లేడ్లు, ఉలిమొనల పరిశ్రమను గుర్తించారు. 1930లోనే కమియాడ్, బర్కిట్ అనే పరిశోధకులు ఇలాంటివాటి గురించి రాసినా, మన దేశంలో ఎగువ ప్రాచీన శిలాయుగం (పాత రాతియుగపు చివరి దశ) ఉందా అన్న అనుమానం అప్పటికింకా తీరలేదు. తీర్చినవాటిలో రేణిగుంట ముందువరసలో ఉంది. బ్లేడంటే వెడల్పుకు కనీసం రెండింతల పొడవుండి, పక్కలు సమాంతరంగా సాగే పెచ్చు. తల్లిరాతి మీద నిలువుగా ఒక వెన్ను తీర్చి దాని వెంబడి దెబ్బ వేస్తే, పగులు ఆ వెన్నునే పట్టుకుని కిందిదాకా జారుతుంది. ఒకటి ఊడినచోట మరో రెండు వెన్నులు మిగులుతాయి. చెకుముకిలో ఇది అందమైన పని, క్వార్ట్‌జైటులో సాహసం. రేణిగుంటవాళ్లు సన్నరేణువు రాతిని ఎంచి ఆ సాహసం చేశారు. బ్లేడు ఒక అంచును చిన్న దెబ్బలతో మొద్దు చేస్తే వేలికి తెగదు, పిడిలో జిగురుతో అతుకుతుంది. కొసమీద నిలువుగా ఒక్క పెచ్చు లేపితే ఎముకనో కొయ్యనో చెక్కే ఉలిమొన వస్తుంది.

ఆ తరవాత సూక్ష్మ శిలాపరికరాల కాలంలో పలుగురాయి వాడకం బాగా పెరిగింది. దానిలోపల కంటికి కనబడని బీటలు, కొడితే ముక్కలైపోతుంది. దానికీ ఉపాయం ఉంది: అడుగురాతి మీద నిలబెట్టి నెత్తిన కొట్టడం. రెండువైపుల నుంచీ దెబ్బ తగిలి సన్నని పలుకులు విడిపోతాయి. శ్రీలంక గుహల్లో సుమారు 45 వేల ఏళ్ల కిందటే పలుగురాతితో ఇలాంటి చిన్న పనిముట్లు చేశారు. కొత్త రాతియుగం వచ్చాక దక్షిణాదిన గొడ్డలికి డోలరైటు అనే రాయి ముందుకొచ్చింది. దాన్ని చెక్కి, పొడిచి, అరగదీశారు.

రాతిని కొట్టే విద్య దేశంలో పూర్తిగా పోలేదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో పూసల పనివాళ్లు నేలలో పాతిన ఇనపకడ్డీ కొసకు అగేటు రాతిని ఆనించి, ఇవతలినుంచి కొమ్ముసుత్తితో కొడతారు. పెచ్చు కడ్డీ తగిలిన వైపు ఊడుతుంది. హరప్పా పూసల రహస్యం పట్టుకోవడానికి పరిశోధకులు వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. ఆ పనివాళ్లలో చాలామందికి రాతిధూళితో ఊపిరితిత్తులు పాడవడమూ నిజమే. సరదాకు క్వార్ట్‌జైటు కొట్టి చూడాలనుకునేవాళ్లు ఆరుబయట, కళ్లద్దాలూ ముక్కుకు మాస్కూ పెట్టుకునే కూర్చోవాలి.

రేణిగుంట చుట్టూ నేల చదునవుతోంది, వాగుల కంకర లారీలకెక్కుతోంది. పనిముట్లు ఆ కంకరలోనే ఉన్నాయి. మీ పొలంలోనో, పునాది గోతిలోనో ఒకవైపు ఉబ్బు, రెండు పక్కలా చెక్కిన గుర్తులు ఉన్న రాయి కనబడితే ఇంటికి తెచ్చి అలమరలో పెట్టకండి. ఏ పొరలో, వేటి పక్కన పడి ఉందో తెలియకపోతే దాని విలువలో ఎక్కువభాగం పోయినట్టే. ఉన్నచోటే ఫొటో తీసి, ఊరిపేరూ గుర్తులూ రాసుకుని పురావస్తు శాఖకో, దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవాళ్లకో తెలియజేయండి.