వికర్ణుని ధర్మవచనము

భారత సభాపర్వమున ద్రౌపది ప్రశ్నకు భీష్ముఁడు సైతము నిర్ణయము చెప్పఁజాలక నిలువఁగా, నామె పక్షమున నోరు విప్పినవాఁడు ధృతరాష్ట్రతనయుఁడగు వికర్ణుఁడు. ద్యూతము రాజవ్యసనములలో నొకటి. ధర్మజుఁడు ముందు తన్ను తా నోడినవాఁడు. ద్రౌపది యేవురకును భార్య. ఆమెను పణముగా సూచించినవాఁడు శకుని. ఇవి యాతఁడు చూపిన హేతువులు. పైపైఁ జూడ నిది శుష్కతర్కమని తోఁపవచ్చును. కాని హేతువులు చెప్పుటకు ముందు వికర్ణుఁడు చేతఁ జేయి నలిపికొని నిట్టూర్చెనని వ్యాసుఁడు వ్రాసినాఁడు. జాలి ముందు పుట్టినది, తర్కము పిదప వచ్చినది. కన్నీటికిఁ గరఁగని సభలో వేఱు సాధన మేది? కర్ణుఁడు వానిని బాలుఁడని యధిక్షేపించెను. పెద్దలు పలుకనిచోఁ బలుకుట బాల్యమైనచో, నట్టి బాల్యము కొనియాడఁదగినదే. అయినను యుద్ధమున నితఁ డన్నను విడువలేదు. దీనిని లోపమని త్రోయుట సులభము. ద్రోణపర్వమున వానిని జంపిన భీముఁడు మాత్రము శోకించినాఁడు.