వేలి కింది గతుకు

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో పగటిపూట ఏ టోకు కిరాణా దుకాణం గల్లా దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. బస్తాలు దించే హమాలీల కేకలు, దారివ్వమని అరిచే తోపుడుబళ్ల వాళ్లు, ఆటోల హారన్లు. ఆ గోలలోనే గుమాస్తా బిల్లు కొడుతుంటాడు. ఎడమచేతి కింద సరుకు చీటీ, కుడిచెయ్యి నంబర్‌ప్యాడ్ మీద. ట్యాలీలో ఎఫ్8 నొక్కి అమ్మకం తెరిచాక ఇక దాదాపు అన్నీ అంకెలే: బస్తాలు, తూకం, ధర. కొత్త గిరాకీ అయితే 36తో మొదలయ్యే 15 అక్షరాల జీఎస్టీ నంబరు కూడా. కళ్లు చీటీ దాటి రావు. అంకె పడిందని ఆయనకు ముందుగా చెప్పేది వేలే.

గల్లాల దగ్గరా డీటీపీ సెంటర్లలోనూ టకటకలాడే కీబోర్డంటే మనవాళ్లకు టీవీఎస్ గోల్డ్ గుర్తొస్తుంది. చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ దాన్ని చాలాకాలం జర్మనీ చెర్రీ కంపెనీవారి ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లతో అమ్మింది. మెచ్చుకునేవాళ్లంతా దాని చప్పుడునే మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పేరంతా చప్పుడు అప్పనంగా కొట్టేసిందనిపిస్తుంది. గంజ్ గోలలో ఆ టకటక ఎవరికి వినపడుతుంది? అక్కడ పనికొచ్చేది చప్పుడుతో పాటు వేలికి తగిలే చిన్న గతుకు. చప్పుడు తీసేసి ఆ గతుకును మాత్రం ఉంచితే అదే టాక్టైల్ స్విచ్. సొంతంగా కీబోర్డులు కట్టుకునేవాళ్లు గంటలకొద్దీ వాదించుకునేదీ దీని గురించే.

స్విచ్ మూత విప్పితే లోపల ఉండేది కొంచెమే. అడుగు పెట్టె, అందులో స్ప్రింగు, దాని మీద స్టెమ్ అనే ప్లాస్టిక్ ముక్క, పక్కన రెండు పల్చటి లోహపు రేకులు. స్టెమ్‌కు ఒక వైపు రెండు చిన్న కాళ్లుంటాయి. కీ నొక్కనంతసేపూ ఆ కాళ్లు ఒక రేకును వెనక్కి నెట్టి పట్టుకుంటాయి. స్టెమ్ దిగితే రేకు ముందుకొచ్చి రెండోదానికి తగులుతుంది, అక్షరం పడుతుంది. లీనియర్ స్విచ్‌లో ఆ కాళ్లు నున్నగా వాలుగా ఉంటాయి కాబట్టి వేలికి ఏమీ తెలియదు. టాక్టైల్‌లో కాళ్ల మీద చిన్న ఉబ్బు ఉంటుంది. అది రేకును దాటేటప్పుడు ఒక్క క్షణం మొరాయిస్తుంది, దాటగానే జారిపోతుంది. తోపుడుబండి చక్రం రాయెక్కి దిగినట్టే.

ఆ ఉబ్బు ఎంత, ఎక్కడ అన్నదే అసలు విద్య. చెర్రీవారి టాక్టైల్ స్విచ్ ఎంఎక్స్ బ్రౌన్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర అక్షరం పడుతుంది. గతుకు దానికి కాస్త ముందే వస్తుంది. కానీ మరీ మెత్తన. లీనియర్‌లో ఇసుక పడినట్టుందని ఎగతాళి చేసేవాళ్లున్నారు, వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. ఎంఎక్స్ క్లియర్‌లో గతుకు బాగా తెలుస్తుంది గానీ స్ప్రింగు బరువు, సాయంత్రానికి వేళ్లు లాగేస్తాయి. అందుకే క్లియర్ స్టెమ్ కింద తేలిక స్ప్రింగు వేసి ‘ఎర్గో క్లియర్’ చేసుకున్నారు. తర్వాత హేలో స్విచ్ స్టెమ్ తీసి పాండా స్విచ్ పెట్టెలో కూర్చోబెడితే ‘హోలీ పాండా’ పుట్టింది. గతుకు గుండ్రంగా, పెద్దగా, కీ కదలగానే మొదలవుతుంది. రెండూ ఏ ఫ్యాక్టరీ ఆలోచనా కాదు, ఇళ్లల్లో విప్పి బిగించినవాళ్ల పనితనం.

ఇక గ్రీజు. లీనియర్‌కు పట్టించినట్టు టాక్టైల్‌కు పట్టిస్తే పని చెడుతుంది. సన్న కుంచెతో పల్చటి గ్రీజు, ట్రైబోసిస్ 3203 లాంటిది, స్టెమ్ జారే గాడులకు పూస్తారు. కుంచె తడి కనపడిందంటే ఎక్కువైనట్టే. స్ప్రింగు చివరలకు చుక్క నూనె. కాళ్లను మాత్రం ముట్టుకోరు. అక్కడ గ్రీజు పడితే ఉబ్బు రేకు మీద జారిపోయి, డబ్బు పెట్టి కొన్న గతుకు కాస్తా కరిగిపోతుంది. 104 కీల కీబోర్డుకు ఒక ఆదివారం హరించుకుపోతుంది.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఈ గతుకు ఇంకా అక్కర. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ‘స్త్రీ’ రాయాలంటే ఆరు కీలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొల్లు ఎడమ నడిమివేలి కింది డి కీ మీద ఉంటుంది. మొదటి పొల్లు సగమే దిగితే తెర మీద ‘సత్రీ’ పడుతుంది, ప్రూఫు చూసేవాడి కంటబడితే సరేసరి. టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు కట్టిన తరానికి ఈ బాధ లేదు. మిషను కీ పూర్తిగా దిగకపోతే కాగితం మీద అచ్చే పడదు కాబట్టి అడుగుదాకా కొట్టడం వాళ్లకు అలవాటే.

గంజ్‌కు ఇంకో చిక్కుంది, దుమ్ము. మిరప, పసుపు నలిగే చోట మామూలు స్విచ్ లోపలికి పొడి చేరి రేకులు సరిగా తగలవు. కైల్ కంపెనీవారి బాక్స్ రకం స్విచ్‌లలో రేకుల చుట్టూ చిన్న గోడ ఉంటుంది, కొంత కాపు. టంకం అక్కర్లేకుండా స్విచ్‌లు పీకి పెట్టుకోగలిగే హాట్‌స్వాప్ బోర్డు తీసుకుంటే మొత్తం ఒకే రకం వేయాల్సిన పని కూడా లేదు. గుమాస్తా కోసమైతే నంబర్‌ప్యాడ్‌కు, ఎంటర్‌కు గతుకు బాగా తెలిసే బాక్స్ టాక్టైల్ వేయిస్తాను. మిగతా కీలకు అదే రకంలో తేలికవి చాలు.