అద్దం పక్కల క్యాబినెట్

ఈ వారం ఎమ్మిగనూరు నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక పట్టీ పంపాడు. ఇంట్లో తనే బిగించుకోబోయే మొదటి కంప్యూటర్‌కు కావలసిన పార్టులవి. మూడో వరసకే నాకు చిరాకెత్తింది. పక్కంతా గాజు, ముందు రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్. అట్టడుగున, మిగిలిన చిల్లరతో కొన్నట్టు, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: కంటికి కనపడని దాని మీద ముందు డబ్బు పెట్టండి. బోర్డుకూ ప్రాసెసర్‌కూ కరెంటు పంచేది ఎస్‌ఎంపీఎస్సే. నాసిరకందైతే పోతూ పోతూ ఇంకోదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ‘80 ప్లస్’ ముద్ర ఉంటే చాలనుకుంటారు చాలామంది. 2004 నుంచి ఉన్న ఆ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది గానీ, వోల్టేజి ఎగిరితే తట్టుకుంటుందో లేదో చెప్పదు. వారంటీ ఎన్నేళ్లో కూడా చూడమన్నాను.

మిగతాది బాగానే ఉంది. రైజెన్ 5 5600జీ 2021 నాటి సరుకు. ఆరు కోర్లు, 65 వాట్లు, గ్రాఫిక్స్ అందులోనే, వేరే కార్డు అక్కర్లేదు. దానికి డీడీఆర్4 ర్యామే పడుతుంది. 16 జీబీ ఒకే స్టిక్ రాశాడు, ఎనిమిదివి రెండు చెయ్యమన్నాను. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్‌లుంటే రెండు దారుల్లో అందుతుంది, ఒక్కటైతే ఆటలు ఈడుస్తాయి.

అంతా చెప్పి, ‘ఎక్కడ పెడ్తావప్పా?’ అన్నాను.

‘మగ్గం పక్కన, మామా.’

ఆ మగ్గం గది నాకు తెలుసు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం నుంచి వాడి తాత నూలు తెచ్చుకునేవాడు. గుంట మగ్గం. నాడె ఆడినప్పుడల్లా పోగుల నుంచి సన్నటి నుసి రాలేది. పైకప్పు సందులోంచి ఎండ పడితే అది గాల్లో తేలుతూ కనపడేది. సాయంత్రం అవ్వ ఊడిస్తే గుప్పెడయ్యేది. పన్నె మీది నుసి చేత్తో దులిపితే గానీ తాత గుంటలోంచి లేచేవాడు కాదు.

ఆదోని ఇంకొక రకం. పత్తి యార్డు, జిన్నింగు మిల్లులు, సీజనొస్తే గాల్లోనే దూది. ఒక మిల్లు పక్క ఆఫీసులో పాత రేకు క్యాబినెట్ విప్పి చూశాను. హీట్‌సింక్ రెక్కల మధ్య దూది అట్టకట్టింది. పెన్ను మొనతో లాగితే ఒకే పొరగా ఊడొచ్చింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం ఆడడంలేదు. ‘ఎండాకాలం గదా సార్, అందుకే స్లో’ అన్నారు వాళ్లు.

అన్నివైపులా మూసిన క్యాబినెట్ కొనమందామనుకున్నా. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో అది కుదిరే పని కాదు. ముందు జాలీ ఉండాలి, దానికి ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. గాలి లోపలికి తోసే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి పెడితే లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, సందుల్లోంచి నుసి దూరడం తగ్గుతుంది. ఎస్‌ఎంపీఎస్ అడుగు నుంచి గాలి పీల్చే రకమైతే నేల మీద అసలు పెట్టకూడదు, స్టూలో బల్లో చూసుకోవాలి.

ఇదంతా విని వాడన్నాడు: ‘గాజుంటే నుసి కనపడ్తాది గదా మామా, విప్పకుండానే.’

రేకు డబ్బాలో ఏం పేరుకుందో ఆ మిల్లు ఆఫీసులో ఎవరికీ తెలీలేదు మరి. కనపడని వాటికే డబ్బు పెట్టమని ఇన్నాళ్లూ ఊదరగొట్టిన నేను, కనపడ్డానికి పెట్టే డబ్బుకు సరేనన్నాను. లైట్లు కూడా ఉండనిమ్మన్నాను, రాత్రిపూట లోపల చూసుకోవచ్చు. కాకపోతే ఆ ఖర్చు ఎస్‌ఎంపీఎస్ దగ్గర కోయకూడదని షరతు.

ఇక మిగిలింది ర్యామ్. మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో 2025 చివర్లో ధరలు మండిపోయాయి. మైక్రాన్ ఆ డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మనబోటివాళ్లకు అమ్మే వ్యాపారమే మానుకుంటున్నట్టు చెప్పింది. ధర దిగేదాకా ఆగమన్నాను. ఎనిమిది జీబీ స్టిక్ ఒకటి ఇప్పుడు, రెండోది నీలకంఠేశ్వరస్వామి జాతరకు అని వాడే తేల్చేశాడు.