తిరిగొచ్చిన అమ్మాయి మీద అనుమానం
(ఎడ్గార్ ఆలన్ పో కథ “ది మిస్టరీ ఆఫ్ మరీ రోజె” గురించి)

న్యూజెర్సీలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో హొబోకెన్ తెలియనివాళ్ళు తక్కువ. మన్‌హాటన్‌లో ఉద్యోగం చేసినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అక్కడ పాత్ రైలు మారే ఉంటారు. ఇండియా నుంచి అమ్మావాళ్ళొస్తే నదికి అవతల ఉన్న ఆకాశహర్మ్యాలు చూపించడానికి ఆ ఒడ్డుకే తీసుకెళ్తాం. పార్కింగ్ దొరకలేదని విసుక్కుంటాం, నాలుగు ఫోటోలు తీసుకుంటాం, తిరిగొస్తాం. ఆ నది ఒడ్డునే, రాతిగుట్టలో తొలిచిన సిబిల్స్ కేవ్ అనే చిన్న గుహ ఒకటుంది. 1841 జులై 28న ఆ గుహకి దగ్గర్లో హడ్సన్ నీళ్ళలో ఒక యువతి శవం దొరికింది. ఆమె పేరు మేరీ రోజర్స్. వయసు ఇరవై, ఇరవై ఒకటి. మూడు రోజుల ముందు న్యూయార్క్‌లో ఇంట్లోంచి బయటికెళ్ళి కనబడకుండా పోయింది. ఏం జరిగిందో ఈ రోజుకీ తేలలేదు.

ఆ కేసునే తీసుకుని పో ఈ కథ రాశాడు. మా నాన్నగారు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని చదివేవారు. నేను వాటి పక్కనే మధుబాబు షాడోని దాచుకుని చదివినవాణ్ణి. కాబట్టి ఈ డిటెక్టివ్‌లందరికీ తాతగారైన పో సృష్టి డ్యుపాన్ అంటే సహజంగానే గౌరవం. షెర్లాక్ హోమ్స్ 1887లో వచ్చాడు. డ్యుపాన్ 1841లోనే వచ్చేశాడు. అతనివి మొత్తం మూడు కథలు. మొదటి దానిలో తలుపులు మూసిన గదిలో హత్య, మూడో దానిలో కళ్ళెదుటే దాచిన ఉత్తరం. రెండూ ప్రసిద్ధాలే. మధ్యలో ఉన్న ఈ మరీ రోజె కథని మాత్రం పెద్దగా ఎవరూ మెచ్చుకోరు. డ్యుపాన్ కుర్చీలోంచి లేవడు. పత్రికల్లో వచ్చిన ముక్కలు చదువుతాడు, వాదిస్తాడు, ఇంకా వాదిస్తాడు. నేను దీన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది, రెండోసారి ముచ్చటేసింది, మూడోసారి కోపం వచ్చింది. ఆ కోపం సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు అసలు కథ. మేరీ బ్రాడ్‌వే మీద జాన్ ఆండర్సన్ అనే ఆయన పొగాకు కొట్లో అమ్మకాలు చూసేది. అందగత్తె అని పేరు. ఆమెని చూడటానికే చుట్టలు కొనుక్కోవడానికి వచ్చేవాళ్ళని పత్రికలు రాశాయి. తరవాత ఆ పని మానేసి, నాసో స్ట్రీట్‌లో వాళ్ళమ్మ నడిపే బోర్డింగ్ ఇంట్లో సాయంగా ఉండేది. అక్కడే బోర్డరుగా ఉన్న డేనియల్ పేన్‌తో పెళ్ళి మాటలయ్యాయి. అతను సీసాల బిరడాలు కోసే పనివాడు. జులై 25 ఆదివారం పొద్దున, జేన్ స్ట్రీట్‌లో ఉన్న బంధువుల ఇంటికి వెళ్తున్నానని పేన్‌కి చెప్పి బయల్దేరింది. సాయంత్రం అతనే వెళ్ళి తీసుకురావాలి. గాలివానొచ్చింది, ఇక అక్కడే ఉండిపోతుందిలే అనుకుని అతను వెళ్ళలేదు. ఆమె అసలు ఆ ఇంటికి వెళ్ళనేలేదని మర్నాడు తెలిసింది.

పో ఈ సంగతులన్నిటినీ పారిస్‌కి మార్చాడు. హడ్సన్ సేన్ నది అయింది, పొగాకు కొట్టు అత్తరు కొట్టయింది, మేరీ మరీ అయింది. అప్పుడతను ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. సంఘటన జరిగిన చోటికి వెళ్ళకుండా, పత్రికలు తప్ప వేరే ఆధారం లేకుండా రాశానని తనే ఫుట్‌నోట్‌లో చెప్పుకున్నాడు. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా పరిచయమైన పని. మెషీన్ ఎక్కడో ఉంటుంది, మనకి లాగిన్ ఉండదు, ఎవరో పంపిన లాగ్ ఫైళ్ళు చూసి తప్పెక్కడుందో చెప్పాలి. ఆ పనిలో పో దిట్ట. ఒక్కో పత్రిక వాదాన్నీ తీసుకుని, దానిలో నిజమెంత, ఆ విలేఖరి ఊహ ఎంత అని చిలవలు విడదీస్తాడు. శవం ఆమెది కాదన్న పత్రికని చీల్చి చెండాడతాడు. రౌడీమూక పని అన్న వాదాన్ని కూడా. ఈ భాగం కాలేజీ పిల్లలకి పాఠంగా పెట్టదగ్గది.

ఇబ్బంది అతను కొట్టిపారేసిన వాదాల్లో లేదు, తన వాదాన్ని నిలబెట్టిన చోట ఉంది. మేరీ అంతకు ముందు కూడా ఒకసారి కనబడకుండా పోయింది. 1838 అక్టోబరులో. ఆత్మహత్య చేసుకోబోతున్నట్టు ఉత్తరం రాసిపెట్టి పోయిందని ‘ది సన్’ పత్రిక రాసింది. ఆమె క్షేమంగా తిరిగొచ్చింది. బ్రుక్లిన్‌లో తెలిసినవాళ్ళింటికి వెళ్ళిందని, అంతకు మించి ఏమీ లేదని మరో పత్రిక రాసింది. కొట్టు గిరాకీ కోసం యజమానే ఆడించిన నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు. ఏదేమైనా మనిషి తిరిగొచ్చింది కదా, అక్కడితో అయిపోవాలి. డ్యుపాన్ దగ్గర అది అయిపోదు. మొదటిసారి ఒక నౌకాదళ అధికారితో లేచిపోయిందంటాడు. రెండోసారీ అతనితోనే లేచిపోవడానికి బయల్దేరిందని, అతనే చంపాడని తేలుస్తాడు. పునాది అంతా ఆ మొదటి ప్రయాణమే.

ఆ పునాదిని కాస్త తవ్వి చూద్దాం. రెండు సంఘటనల మధ్య నిజంగా గడిచిన కాలం రెండేళ్ళ తొమ్మిది నెలలు. కథలో డ్యుపాన్ చదివే పత్రిక ముక్కలో అది సుమారు మూడున్నర ఏళ్ళయింది. ఎందుకంటే, యుద్ధనౌకలు సముద్రం మీద తిరిగొచ్చే మామూలు గడువు కంటే ఇది కొద్ది నెలలే ఎక్కువ అని అతను చెప్పాలి కాబట్టి. ఓడ వెళ్ళింది, ఓడ వచ్చింది, ప్రియుడూ వచ్చాడు! ఇంకా విచిత్రం, అదే కథ మొదట్లో కథకుడు, ఆమె తిరిగొచ్చిన సుమారు అయిదు నెలలకే మళ్ళీ మాయమైందని చెబుతాడు. ఒకే కథలో ఒకే గడువుకి రెండు విలువలు! మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఇలాంటి కోడు రాసినా రివ్యూ దాటదు.

లెక్కల సంగతి ఇంకా ఉంది. ఒకసారి లేవదీసుకుపోయినవాడే మళ్ళీ అడుగుతాడు గానీ కొత్తవాడు అడగడు, దానికి పదికి ఒకటి పందెం అంటాడు డ్యుపాన్. అంటే ఒకసారి జరిగింది మళ్ళీ జరుగుతుందని. కథ చివర్లో పాచికల ముచ్చట వస్తుంది. అక్కడ, వరసగా రెండుసార్లు ఆర్లు పడ్డాయంటే మూడోసారి ఆర్లు పడవని ఎంత పందెమైనా కాయవచ్చంటాడు. అంటే జరిగింది మళ్ళీ జరగదని. పాచికలకి జ్ఞాపకం ఉండదని ఇంటర్మీడియెట్‌లో సంభావ్యత చదివిన ప్రతివాడికీ తెలుసు. పో పాచికలకి జ్ఞాపకం అంటగట్టాడు, అమ్మాయికి స్వభావం అంటగట్టాడు. రెండూ అతని అవసరం కొద్దీ.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా పో మీద రాళ్ళేస్తే బాగుండదు.

నేను ఈ దేశం వచ్చిన తొలి రోజులు. మా అపార్ట్‌మెంట్లలో అన్నీ మన కుటుంబాలే. ఎం.ఎస్. పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మరో ఇద్దరమ్మాయిలతో కలిసి కింది ఫ్లాటులో ఉండేది. ఒక శుక్రవారం ఇంటికి రాలేదు. ఫోను మోగడం లేదు. శనివారం రాత్రి మా ఇంట్లో పాట్‌లక్. అయిదు జంటలం. పులిహోర తింటూ విచారణ మొదలుపెట్టాం. రూమ్మేట్ చెప్పిన సంగతులు, ఎవరి కారు ఎప్పుడు చూశారు, ఏ నంబరు నుంచి ఫోన్లొచ్చేవి. అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే. పేపర్ ప్లేటు తిరగేసి పెన్నుతో గీతలు గీసి మరీ నిరూపించాను. ‘లేచిపోయింది’ అన్న మాట ఎవరు ముందన్నారో గుర్తులేదు. నేనే అయుండొచ్చు. ఈ మాట మన భాషలో ఎంత చిత్రమైనదో చూడండి. అమ్మాయి ‘లేచిపోతుంది’, అబ్బాయి ‘లేపుకుపోతాడు’. మనిషి కనబడకపోతే, ప్రమాదమా, జబ్బా, ఎవరైనా ఏమైనా చేశారా అన్న ప్రశ్నలకంటే ముందు ఆ మాట నాలిక మీదికొస్తుంది. అది వచ్చాక ఇక వెతకనక్కర్లేదు. ఆ రాత్రి మాలో ఒక్కరం కూడా పోలీసులకి ఫోను చెయ్యలేదు.

మంగళవారం ఆ అమ్మాయి వచ్చింది. పక్క రాష్ట్రంలో స్నేహితురాలికి హఠాత్తుగా ఆపరేషన్ అయితే ఆఫీసు నుంచే బస్సెక్కి వెళ్ళిందట. ఫోను చార్జరు ఇంట్లోనే ఉండిపోయింది. అంతే. ఈలోగా కబురు గుంటూరు జిల్లాలో వాళ్ళ ఊరికి చేరిపోయింది, వాళ్ళ నాన్నగారు మంచం ఎక్కారు.

రెండేళ్ళ తరవాత నాకో ఫోనొచ్చింది. అవతలాయన చాలా మర్యాదగా, “మా అబ్బాయికి సంబంధం చూస్తున్నామండీ, ఆ అమ్మాయి మీ అపార్ట్‌మెంట్లలోనే ఉండేదట కదా, మీకు తెలిసే ఉంటుందని” అన్నాడు. చాలా మంచమ్మాయని చెప్పాను. “ఏదో విన్నామండీ” అన్నాడు. “అబ్బే, అదేం లేదండీ, అప్పుడేదో నాలుగు రోజులు…” అని ఆగాను. అబద్ధం చెప్పలేదు. చార్జరు సంగతీ, ఆపరేషన్ సంగతీ కూడా చెప్పాను. కానీ ఆ ‘అప్పుడేదో’ ముందు నోరుజారింది. సంబంధం కుదరలేదని తరవాత విన్నాను. నా మాట వల్లో, కట్నం వల్లో, జాతకాల వల్లో నాకు తెలియదు. అడిగే ధైర్యం చెయ్యలేదు.

పో కథని మూడోసారి చదివింది ఆ తరవాతే. డ్యుపాన్ ‘మొదటి లేచిపోవడం’ అన్న ప్రతిచోటా నాకు నా పేపర్ ప్లేటు కనబడింది.

కథలో మరీకి మాటలు లేవు. ఒక్కచోట మాత్రం ఆమె మనసులో ఏమనుకుని ఉంటుందో డ్యుపాన్ ఊహించి, ‘నేను’ అంటూ ఆమె తరఫున తనే మాట్లాడతాడు. ఫలానా మనిషిని కలవాలి, లేచిపోవాలి, ఇంట్లోవాళ్ళకి అనుమానం రాకుండా గడువు సంపాదించాలి అని. కథ మొత్తంలో ఆమె గొంతు అదొక్కటే, అదీ నేరం ఒప్పుకుంటున్నట్టుంటుంది. పెద్ద రచయిత కాబట్టి వినసొంపుగా రాశాడు. మేం పులిహోర తింటూ అన్నదీ దాదాపు అదే.

తరవాత జరిగింది చూస్తే పో తెలివి మీద నమ్మకం పెరుగుతుంది, నిజాయితీ మీద తగ్గుతుంది. 1842 జూన్‌లో ఈ కథని ఒక సంపాదకుడికి యాభై డాలర్లకీ, ఇంకొకరికి నలభైకీ ఇస్తానని రాశాడు, హంతకుడెవరో సూచించానని కూడా చెప్పుకున్నాడు. చివరికి ‘లేడీస్ కంపానియన్’ పత్రికలో నవంబరు, డిసెంబరు నెలల్లో రెండు భాగాలొచ్చాయి. సరిగ్గా అప్పుడే పిడుగు పడింది. వీహాకెన్ దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడిపే మిసెస్ లాస్ అనే ఆమె కొడుకు చేతిలో తుపాకి పేలి చనిపోయింది. మేరీ తన ఇంట్లోనే గర్భస్రావం వికటించి చనిపోయిందని ఆమె చివరి ఘడియల్లో చెప్పినట్టు ఒక పత్రిక రాసింది. తన దగ్గర అలాంటి వాంగ్మూలమేదీ లేదని మేజిస్ట్రేటు ఖండించాడు. పుకారు మాత్రం నిలబడిపోయింది. జనవరిలో రావలసిన మూడో భాగం ఫిబ్రవరికి వెళ్ళింది. 1845లో పుస్తకంగా వేసినప్పుడు పో అక్కడక్కడా పదాలు మార్చి, ఆ పూటకూళ్ళ ఇంట్లో ‘ప్రమాదం’ జరిగి ఉండొచ్చన్న మాట కూడా ఇరికించాడు. పైగా, తన ఊహలన్నీ తరవాత ఇద్దరి ఒప్పుకోళ్ళతో ఋజువయ్యాయని ఫుట్‌నోట్ పెట్టాడు. విమర్శకులు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి ఈ అతుకులు బయటపెట్టారు. తప్పు దిద్దుకోవడంలో తప్పులేదు. దిద్దినట్టు రాయకుండా, మొదటినుంచీ ఇలాగే అన్నాననడమే నాకు మింగుడుపడదు. మా పాట్‌లక్ మిత్రుల్లో ఒకాయన ఆ మంగళవారమే, “నేను ముందే చెప్పాగా, ఏదో అర్జంటు పని మీద వెళ్ళుంటుందని” అన్నాడు!

చుట్టుపక్కలవాళ్ళని ఆ అనుమానం ఏం చేసిందో పో రాయలేదు. పేన్ 1841 అక్టోబరులో హొబోకెన్ వెళ్ళి నల్లమందు ద్రావకం తాగి చనిపోయాడు. పొగాకు కొట్టు ఆండర్సన్ కోటీశ్వరుడై 1881లో పోయాడు. అతని వీలునామా మీద వారసులు కోర్టుకెక్కితే, అక్కడ కూడా మేరీ పేరొచ్చింది. ఆ కేసులో తనని పోలీసులు విచారించిన సంగతి అతన్ని బతికినంతకాలం వెంటాడిందని, ఆమె ఆత్మ తనతో మాట్లాడుతుందని చెప్పేవాడని సాక్షులు చెప్పారు. అన్నేళ్ళ తరవాత కూడా! తీర్పు రాని అనుమానానికి కాలదోషం పట్టదు కాబోలు.

పిల్లలు హైస్కూల్లో పో చదువుతున్న ఇళ్ళకి నాదొక సూచన. ఈ కథ చదివేటప్పుడు ముందు ఫుట్‌నోట్లు వదిలేసి చదవండి. తరవాత 1842 పత్రిక పాఠం దొరికితే పక్కన పెట్టుకుని, ఏ పదం ఎక్కడ మారిందో పిల్లల చేతే పెన్సిలుతో గుర్తు పెట్టించండి. మా అమ్మాయి చేత నేను పెట్టించాను. మూడున్నర ఏళ్ళు, అయిదు నెలలు అన్న తేడా నాకంటే ముందు పట్టుకుంది తనే. పట్టుకుని, “మరి మొదటిసారి తను నిజంగా ఫ్రెండ్ ఇంటికే వెళ్ళుంటే?” అని అడిగింది.