రాబిన్సన్ క్రూసో: నిర్జనద్వీప కథావిమర్శనము

ఆంగ్లభాషయందలి కథలలో మన పాఠశాలల విద్యార్థులకు చిరపరిచితమైన వానిలో డేనియల్ డీఫో రచించిన రాబిన్సన్ క్రూసో యొకటి. ఓడ పగిలి, తోడివారందరును మడియగా, ఒక్కడే యొక దీవిని జేరి యనేక సంవత్సరములందు జీవించిన నావికుని వృత్తాంతమిది. 1719వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీని లండను నగరమున నిది ప్రకటితమయ్యెను. అప్పటికి గ్రంథకర్తకు అరువదియేండ్లు సమీపించుచుండెను. బాలురకొరకు కుదించిన ప్రతులయందీ కథ కేవల సాహసవృత్తాంతముగా మిగిలినది. మూలగ్రంథ మంతమాత్రమే కాదు. దాని గుణమేది, దోషమేది, ఆ రెండును నేయొక్క మూలమునుండి పుట్టినవి యనునదియే యిందు విచారణీయము.

గ్రంథమునకు పూర్వాధారములు లేకపోలేదు. స్కాట్లండు దేశీయుడగు అలెగ్జాండర్ సెల్కర్క్ అను నావికుడు 1704 మొదలు 1709 వరకు, నాలుగేండ్లకు మించి, పసిఫిక్ సముద్రమందలి హ్వాన్ ఫెర్నాండెజ్ దీవియందు ఒంటరిగా నుండెను. అంతకు చాల పూర్వము, పండ్రెండవ శతాబ్దమున, అందలూసియా దేశపు తత్త్వవేత్తయగు ఇబ్న్ తుఫైల్ అరబ్బీభాషలో హయ్య్ ఇబ్న్ యక్జాన్ అను కథను రచించెను. దీవిలో నొంటిగా పెరిగిన శిశువు స్వబుద్ధిచేతనే పరమార్థము నెరిగిన తీరు అందలి విషయము. అది 1671లో లాటినునకును, 1708లో అరబ్బీమూలమునుండి ఆంగ్లమునకును పరివర్తితమైనది. సెల్కర్క్ చరిత్రము ఏకాంతవాస మెట్టిదో తెలుపును. హయ్య్ కథ జ్ఞానమార్గమును దెలుపును. వస్తువులను సమకూర్చుకొను మార్గమును సవిస్తరముగా జెప్పినవాడు డీఫోయే.

మన కావ్యములలో నిట్టి యేకాకి కలడా యని చూచినచో, అడవిలో నొంటరియైనవారు కలరు గాని, వారి స్థితి వేరు. ఆంధ్రమహాభారత మారణ్యపర్వమున దమయంతి నలునిచే విడువబడి ఘోరారణ్యమున దిరుగును. ఆమె యేకాకిత్వమంతయు వియోగమే. చెట్టును గుట్టను నలుని జాడ యడుగునేగాని, రేపటి గ్రాసమున కేమి యుపాయమని కవి చెప్పడు, చెప్పనక్కరయు లేదు. నంద్యాల కృష్ణరాజునకు అంకితముగా పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున కథాకల్పనాచాతుర్య మపారము. అందును ప్రతిపాత్రయు నితరపాత్రలతో, జన్మాంతరములతో సైతము, ముడివడియే యుండును. ఒక్కని నొకచోట నిలిపి, వానికిని ప్రపంచమునకును గల బంధములన్నింటిని త్రెంచి, పిదప నేమగునో చూచుట మన పూర్వకవులకు ప్రయోజనముగా దోపలేదు. డీఫో కదియే ప్రయోజనము.

ఆ ప్రయోజనము నాతడు సాధించిన విధము శ్లాఘనీయము. క్రూసో ఓడశిథిలముల యొద్దకు పలుమారు లీది పోయి, తెప్ప గట్టి, ఆహారము, పనిముట్లు, తుపాకులు, మందుగుండు దరికి జేర్చును. వడ్రంగి పెట్టె దొరకుట ఓడనిండ బంగారము దొరకుటకన్న మిన్న యని యాతడు తలచును. నాణెములు కంటబడినపుడు వాని నిరర్థకతను గూర్చి యుపన్యసించి, మరల నాలోచించి, వానిని మూటగట్టుకొనును. ఈ యొక్క చేష్టవలన పాత్రస్వభావము వెల్లడియైనంతగా పుటలకొలది వర్ణనచేతను గాదు. దేవదారు మ్రానును గొట్టి నెలలతరబడి దోనె దొలిచి, తుదకు దానిని నీటి దరికి జేర్చలేక విడిచిపెట్టును. కుమ్మరి సారె లేదు, ఆవము లేదు. రెండు నెలలు శ్రమించి రెండు వికారపు పాత్రలు చేయును. పొయ్యిలోబడి కాలిన పెంకొకటి రాయివలె గట్టిపడుట చూచిన పిమ్మట గదా కుండ గాల్చు మర్మము తెలియుట! నిత్యము మనయింట నుండు కుండ యెంతటి విద్యాఫలమో యీ ఘట్టము చదివినవానికి దెలియును. రసదృష్టిచే చూచినచో నిందలి స్థాయి యుత్సాహము. అయితే యిందు ప్రతివీరుడు లేడు. మట్టి, మ్రాను, వాన, ఎండ యనునవియే యెదుర్కొనవలసిన బలములు.

సాగుబడి ఘట్టము కర్నూలు, కడప మండలముల చదువరికి మిక్కిలి హృదయంగమము. కోళ్లమేతసంచి దులిపినచోట యవలు మొలకెత్తగా, క్రూసో మొదట దైవికమైన యద్భుతమని భ్రమించును. సంచి సంగతి జ్ఞప్తికి రాగా నా యాశ్చర్యము సగము తగ్గును. ఆ గింజలను గూడబెట్టి విత్తినప్పుడు, కాలమెరుగక, అనావృష్టికి ముందుగా విత్తుటచే పైరు మొలవనేలేదు. కాని గింజలన్నియు జల్లక పిడికెడు మిగుల్చుకొనియుండుటచే నాతడు బ్రతికెను. పిదప వానకాలమేదో వేసవియేదో తేదీలతో వ్రాసికొని, పదునెరిగి విత్తుట నేర్చెను. 1876 మొదలు 1878 వరకు ధాతుకరవు చవిచూచిన సీమలో, తినుటకు లేకున్నను విత్తనపు గింజ ముట్టరాదను నియమము గ్రంథములవలన నేర్చినది గాదు. ఆ సీమవానికి క్రూసో దీవి కఠినస్థలముగా దోపదు. ఏటేట నియతముగా వాన గురిసి, త్రవ్వకయే తియ్యనీరు లభించు చోటది. అచ్చట లేనిది మనుష్యుడొక్కడే.

ఇంతవరకు గుణము. ఈ గుణము లెక్కలవలన గలిగినది. క్రూసో దినములను కొయ్యపై గీతలుగా జెక్కును. తన మేలుకీడులను జమాఖర్చుల రీతిని రెండు వరుసలలో వ్రాయును. ఇంతటి గణకుని కథలోనే లెక్క తప్పినది. 1659 సెప్టెంబరు 30న దీవిని జేరి, 1686 డిసెంబరు 19న విడిచితినని చెప్పి, తానచ్చట నుండినది 28 సంవత్సరముల 2 నెలల 19 దినములనును. ఆ తేదీలను బట్టి 27 సంవత్సరములే యగును. ఇది ప్రమాదజనితము, కథ కిందువలన హానిలేదు. హాని గలిగినది వేరొక లెక్కయందు. వస్తువులను గణించినట్లే యాతడు మనుష్యులను గూడ గణించుటయే యది.

మూరుల చెరనుండి తనతో దప్పించుకొని వచ్చి, సముద్రమున విశ్వాసముతో సేవించిన జూరీ యను బాలుని క్రూసో పోర్చుగీసు నావికాధిపతికి అరువది వెండినాణెములకు విక్రయించును. క్రైస్తవుడైనచో పదియేండ్లకు విడుతునని కొన్నవాడు మాట యిచ్చుట యొక్కటే యూరట. ఓడ పగిలిన యాత్రయు బ్రెజిల్ తోటలకు ఆఫ్రికావాసులను బానిసలుగా దెచ్చుటకై సాగినదే. బాలప్రతులలో నీ సంగతి ప్రాయికముగా గానరాదు. తండ్రిమాట మీరితినని క్రూసో పలుమారు పశ్చాత్తాపపడును. ఆ యాత్రను గూర్చియు వగచును. కాని యది పాపమని గాదు, ఇంకొంచెము వెల యిచ్చినచో బానిసలను ఇంటివాకిటనే కొనియుండవచ్చునే యని.

పదునైదేండ్ల యేకాంతవాసము పిమ్మట నిసుకపై నొక్క యడుగుజాడ గనబడును. గ్రంథమంతటను నింత బలమైన ఘట్టము లేదు. మనుష్యుని కొరకు వగచినవాడు మనుష్యచిహ్నమును జూచి పిడుగుపడినట్లు నిలిచి, కోటలోనికి బారిపోవును. చాలకాలము దానిచుట్టు ప్రాకారములు బలపరచును. పిదప మరియొక యోడ పగిలినపుడు, అందొక్కడైన బ్రతికియుండరాదా యని విలపించును. తెలిసిన మనుష్యుడు కావలెను, తెలియని మనుష్యుడు శత్రువు: ఈ వైరుధ్యమును డీఫో దాపరికము లేక చూపినాడు. ఇది యాతని ప్రతిభకు నిదర్శనము.

ఇరువదియైదవ యేట ఫ్రైడే ప్రవేశించును. చంపబోవువారినుండి క్రూసో వానిని రక్షించును. రక్షించిన దినము శుక్రవారమగుటచే నా వారముపేరే వానికి బెట్టును; వాని పేరేమని యడుగడు. తన్ను యజమానియని పిలువ నేర్పును. బిడ్డకు తండ్రియందువలె వానికి తనయందు ప్రేమ గలదని వ్రాయును గాని, తండ్రియని పిలువుమని మాత్రము నేర్పడు.

దీనికి ప్రతిగా కర్నూలు సీమలోనే, నల్లమల యందలి అహోబిలమున వెలసిన యొక కథను నిలిపి చూడవచ్చును. హిరణ్యకశిపు వధానంతరము నరసింహుడా యడవిలో దిరుగుచు చెంచుకన్యను వలచి వివాహమాడెనని యైతిహ్యము. చెంచు లాతనిని తమ యింటి యల్లునిగా భావింతురు. సంక్రాంతి పిమ్మట పారువేట యుత్సవమున స్వామి పల్లకిలో దాదాపు నలువది దినములు చుట్టుపట్టుల గ్రామములు దిరుగుట, తన పెండ్లికి జనులను బిలుచుటకే యందురు. ఈ కథలో నడవి నిర్జనముకాదు; దానికి సొంతదార్లు గలరు. వచ్చినవాడు దేవుడైనను, ఆ యింటివారి యంగీకారమున వరుస గలుపుకొనవలసినవాడే. కర్నూలు మండల చరిత్రమును 1886లో ఆంగ్లమున సంకలనము చేసిన నరహరి గోపాలకృష్ణమసెట్టి, 1872లో ప్రకటించిన శ్రీరంగరాజ చరిత్రమందును రాజకుమారుడు లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయిని పరిణయమాడును. కథయందలి బంధుత్వము చరిత్రయందును నట్లే పాటింపబడినదని చెప్ప వీలులేదు. చెంచులును లంబాడీలును పడిన యిడుము లనేకములు. అయినను, అపరిచితుడు కనబడినపుడు కథ మొట్టమొదట వేయు ప్రశ్న యేది యనుట ముఖ్యము. అహోబిలపు కథ, ఇతడు నాకేమి వరుస యని యడుగును. క్రూసో, ఇతడు నాకెట్లు పనికివచ్చు నని యడుగును.

పద్దెనిమిదవ శతాబ్ది గ్రంథమును నేటి న్యాయముచే దండించుట తగదని యాక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే, కాని యిచ్చట సాక్ష్యము గ్రంథముననే కలదు. నరభక్షకులపై దాడిచేయదలచిన క్రూసో, తనకు వారిని దండించు నధికార మేమున్నదని సంశయించి, స్పెయినువారు అమెరికాలో చేసిన దారుణములను దలచి వెనుదీయును. దేవుడు సైతానుకన్న బలవంతుడైనచో వానినేల చంపడని ఫ్రైడే యడుగగా, వినబడనట్లు నటించి, మరల నడిగించుకొని, తడబడును. గురువును మించిన ప్రశ్న శిష్యుడు వేసినాడు. అన్నింటికిని మించినది, కట్టుబడి దోనెలో పడియున్న వృద్ధుడు తన తండ్రి యని ఫ్రైడే గుర్తించు ఘట్టము. వాడు కౌగిలించుకొనును, ఏడ్చును, నవ్వును, గంతులు వేయును, కట్లచే మొద్దువారిన తండ్రి కాలుసేతులను రాచును. తన తండ్రిని విడిచివచ్చిన క్రూసో దీనిని జూచి కదలిపోవును. ఆ క్షణమున లెక్కలు నిలిచిపోయినవి. అటు పిమ్మట స్వల్పకాలమునకే, తనకిప్పుడు మువ్వురు ప్రజలు గల రాజ్యము గలదని మురియుచు, క్రూసో మరల లెక్కకు దిగును. డీఫోకు తెలియనిది గాదు. తెలిసియు నాయకుని నచ్చట నిలుపలేదు.

రూసో 1762లో ప్రకటించిన ఎమీల్ అను గ్రంథమున, తన శిష్యుడు మొదట చదువవలసిన పుస్తకమిదియే యని విధించినాడు. పనియొక్క విలువ నేర్పుటకై యా విధి యుచితమే. ఇరువదవ శతాబ్దమున మిషెల్ టూర్నియే 1967లోను, జె. ఎం. కోట్సీ 1986లోను ఈ కథను మరల జెప్పుచు ఫ్రైడేను కేంద్రమునకు దెచ్చిరి. కోట్సీ కథలో ఫ్రైడేకు నాలుక లేదు. పేరడుగబడని వాని స్థితి కది తుదిరూపము.

ఈ గ్రంథమును బోధించు పండితులు కుండ, విత్తనము, దోనె యను ఘట్టములతోనే తృప్తిపడరాదు. జూరీ విక్రయమును, తండ్రీకొడుకుల సమాగమమును గూడ మూలమునుండి తెలుగున జెప్పి వినిపింపవలయును. ఫ్రైడే యసలు పేరేమని బాలుడెవ్వడైన నడిగినచో, గ్రంథమున లేదని చెప్పి, ఏల లేదో వానినే యాలోచింపుమనుట యుచితము.