కండకు ముందు కంచం

పెద్దపల్లి, గోదావరిఖని, మంథని – యీ వూళ్ళ మైదానాల్లో తెల్లవారకముందే పరుగులు తీసే యువకులను మనం ఎరుగుదుం. వారిలో చాలామందికి పోలీసు కొలువు మీద ఆశ. సాయంత్రానికి జిమ్ములో అద్దం ముందు నిలబడేవారు మరికొందరు. వీరి చేతుల్లోకి వస్తున్న పుస్తకాలు వ్యక్తిత్వ వికాస గ్రంథాలు. కవితా సంపుటి వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడమే గగనమైన మన భాషలో యీ పుస్తకాలు ముద్రణ మీద ముద్రణ పొందుతున్నాయి. కనుక, యిది సాహిత్యం కాదని పెదవి విరిచి వూరుకుంటే విమర్శకుని బాధ్యత తీరదు.

యీ రచనలకు ఒక వంశవృక్షం వున్నది. ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ 1859లో 'సెల్ఫ్ హెల్ప్' వ్రాశాడు. దారిద్ర్యానికి మందు వ్యక్తి పట్టుదలలోనే వున్నదన్నది దాని సారాంశం. తరువాత యూజెన్ శాండో వచ్చాడు. తన కండలను రంగస్థలం మీద ప్రదర్శించి, తన పేర వ్యాయామ సామగ్రినీ, పత్రికనూ అమ్మాడు. మనం తొడుక్కునే శాండో బనియనులో ఆ పేరు నేటికీ నిలిచివుంది. ఒకడు శీలాన్ని, మరొకడు శరీరాన్ని సొంత పెట్టుబడిగా భావించడం నేర్పారు. నేటి మన పుస్తకాలలో యీ రెండు పాయలూ కలిశాయి.

వాటి కథా నిర్మాణం చూడండి. నాయకుడు పేదవాడు. ఒకనాడు నిశ్చయించుకుంటాడు. నాలుగు గంటలకు లేస్తాడు. శరీరం మారుతుంది, దానితో జాతకం మారుతుంది. యీ కథలో వంటిల్లు వుండదు. గుడ్డు కొడుకు కంచంలో వేసి, తాను చారునీళ్ళతో సరిపెట్టుకున్న తల్లి వుండదు. కూలిరేటు వుండదు. నాయకుడు గెలిస్తే ఆ గొప్ప అతని సంకల్పానిది. ఓడితే తప్పు అతని సోమరితనానిది. సమాజం మీద ఏ నేరమూ మోపబడదు. యీ రచనలు జనప్రియం కావడానికీ, ప్రమాదకరం కావడానికీ కారణం ఒక్కటే.

దీనికి జవాబు మన సాహిత్యంలో ఏనాడో వున్నది. 1910లో గురజాడ వ్రాసిన దేశభక్తి గేయాన్ని సభల్లో పాడుకుంటాం గాని, అందులోని వరుసక్రమాన్ని పట్టించుకోం. ఆయన మొదట పాడిపంటల సంగతి ఎత్తుకున్నాడు. దానినుంచి తిండి, తిండినుంచి కండ, కండనుంచి మనిషి – యీ క్రమంలో ఆలోచన నడిపాడు. అదే విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామమూర్తి (1882–1942) గుండెమీద ఏనుగును నిలిపి దేశాన్ని ఆశ్చర్యపరచాడు. ఆ బలుణ్ణి చూసి జనం పొంగిపోయిన కాలంలోనే కవి పొలంవైపు చూశాడు. నేటి వ్యక్తిత్వ వికాసం యీ క్రమాన్ని తలకిందులు చేసింది: ముందు సంకల్పం, పిమ్మట కండ, తిండి దానంతటదే వస్తుందట!

వస్తుందో రాదో లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం, 65 కిలోల పురుషుడు కఠిన శ్రమ చేస్తే రోజుకు 3470 కిలోకేలరీలు కావాలి. మాంసకృత్తులు 54 గ్రాములు కావాలి. తెలంగాణలో 2015 జనవరినుంచి రేషను కార్డుమీద తలకు నెలకు 6 కిలోల బియ్యం యిస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. దానివల్ల లభించేది సుమారు 700 కిలోకేలరీలు, 14 గ్రాముల మాంసకృత్తులు. మిగిలినదంతా కూలిడబ్బులతో కొనవలసిందే. పప్పు, పల్లీలు, గుడ్లు కొనలేనివానికి డబ్బాలోని ప్రోటీను పొడిని ఉపదేశించడం ఏమి నీతి?

ఇంతకన్న క్రూరమైన లెక్క మరొకటి వున్నది. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి 2022 ప్రకటనలో పురుషులకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకండ్లలో ముగించాలన్నారు. అది సాధనతో సాధ్యమే. కాని సాధారణంగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు కూడా వుండాలన్నారు. ఎత్తును ఏ జిమ్ము యిస్తుంది? ఎదిగే వయసులో, అంతకు పూర్వం తల్లి కడుపులో, దొరికిన తిండికి దానితో సంబంధం వున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగిన ఎత్తు లేరు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. వారిలో ఎందరో రేపు ఆ కొలబద్ద కింద నిలబడి, పరుగెత్తకుండానే ఓడిపోతారు. అప్పుడు వారి చేతికి సంకల్పబలం మీద మరొక పుస్తకం యిద్దామా?

అయితే మన తప్పు కూడా ఒప్పుకోవాలి. 'మహాప్రస్థానం' (1950) శ్రమశక్తికి కవిత్వంలో సింహాసనం వేసింది. దానిని అనుకరించినవారు ఆ సింహాసనం మీద ఇనుపబొమ్మను కూర్చోబెట్టారు. వారి కార్మికునికి ఉక్కు పిడికిలి వుంటుంది గాని ఆకలి వుండదు, నడుంనొప్పి వుండదు. యంత్రాలు రాకముందు సింగరేణి బొగ్గుబాయిలో టబ్బులు నింపిన ఫిల్లరుకు కండలు లేవా? వున్నాయి. అవి అతను పెంచుకున్నవి కావు, పని అతనిచేత పెంచి, మళ్ళీ అరగదీసినవి. ఆ అరుగుదలను వ్రాయని కవిత అద్దం ముందరి జిమ్ము వీరుడికి దూరబంధువే.

వ్యాయామాన్ని నేను తృణీకరించడం లేదు. పెద్దపల్లి యువకుడు పరుగెత్తాలి, బలపడాలి, తన దేహాన్ని చూసుకుని గర్వించాలి. అది అతని హక్కు. తెల్లవారి పరుగులో వున్న ఆత్మగౌరవాన్ని మనం గుర్తించకపోతే, దానిని అమ్ముకునేవారు తప్పక గుర్తిస్తారు. కాని ఆ పరుగు అతన్ని ఒంటరివాణ్ణి చేయరాదు. పక్కన పరుగెత్తేవాడు పోటీదారుడే కాదు, అదే రేషను బియ్యం తిని పెరిగినవాడు కూడా. బడి భోజనంలో గుడ్డు, రేషనులో పప్పు, అంగన్‌వాడీలో తల్లికి నిండు కంచం – యివి కూడా వ్యాయామశాల కోర్కెలే.

ఇకమీదట కండను గూర్చి వ్రాసిన ఏ పుస్తకం, ఏ కవిత మన చేతికి వచ్చినా ఒక ప్రశ్న వేద్దాం: యితడు ఏమి తిన్నాడు, అది ఎవరు వండారు, వండినవారు తిన్నారా?